కోత లేదు, కుట్టు లేదు... మరి చూపు?

హైదరాబాదులో మెట్రో స్తంభాల మీద హాస్పిటళ్ళ బోర్డులు ఎప్పుడైనా వరసగా చదివారా? ట్రాఫిక్కులో నించున్నప్పుడు మనకి వేరే పనేముంటుంది గనక! మోకాళ్ళైనా, మొలలైనా, పిత్తాశయంలో రాళ్ళైనా సగం బోర్డుల మీద పాట ఒకటే. కోత లేదు, కుట్టు లేదు, పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి. పక్కనే తెల్లకోటేసుకుని చేతులు కట్టుకుని నవ్వుతున్న డాక్టరుగారు.

ఆ మాట అబద్ధమని నేననను. పిత్తాశయం తీయించుకుని వారం పదిరోజులు మంచం మీదుండే రోజులు పోయి, రెండోరోజే ఇంటికొచ్చి చారన్నం తింటున్నారంటే అది చిన్న రంధ్రం పుణ్యమే. కాకపోతే అక్కడ ఆ రంధ్రంలోంచి కత్తితో పాటు ఒక కెమెరా కూడా లోపలికెళ్తుంది. కోత చిన్నదే గానీ చూపు చిన్నది కాదు. అన్ని చిన్న రంధ్రాల్లోనూ కెమెరా ఉండదు. ఈ తేడా నాకు మా అమ్మ కుడిచేతి మీద తెలిసింది. ఒకే చెయ్యి, రెండు వేళ్ళు, ఒక వేలికి సూది, ఇంకో వేలికి కత్తి.

మా అమ్మ తెనాలిలో జాకెట్లు కుడుతుంది. ముప్ఫయ్యేళ్ళ నుంచీ అదే పని. నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. నా ఇంజనీరింగు ఫీజుల్లో సగం ఆయన జీతం, సగం అమ్మ మిషను. ఇప్పుడింక మానెయ్యొచ్చు కదమ్మా అంటే "మానేసి ఏం చెయ్యమంటావురా, సీరియళ్ళు చూస్తూ కూర్చోనా?" అంటుంది. వయసు యాభై ఆరు. షుగరొచ్చి తొమ్మిదేళ్ళు.

గొడవ ఉంగరం వేలితో మొదలైంది. పొద్దున లేచేసరికి వేలు అరచేతిలోకి ముడుచుకుని ఉండేదిట. తెరుద్దామంటే రాదు. ఎడంచేత్తో పట్టుకుని లాగితే టక్కుమని తెరుచుకునేది. వేణ్ణీళ్ళలో కాసేపు పెడితే మధ్యాహ్నానికి సర్దుకునేది, మళ్ళీ తెల్లారేసరికి మామూలే. కొన్నాళ్ళకి బొటనవేలికీ ఇదే తంతు. ఉంగరం వేలంటే ఎలాగో నెట్టుకొచ్చింది గానీ బొటనవేలితో పని ఆగిపోయింది. కత్తెర రింగులో వేలు పెట్టి గుడ్డ కత్తిరిస్తూ ఉండగా వేలు మడతపడి అక్కడే బిగుసుకుపోయేది. కత్తెర ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఒకసారి ఎవరిదో పట్టు జాకెట్టు ముక్క చంక దగ్గర అడ్డంగా తెగిందని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదుట. ఈ సంగతి నాకు నాన్న చెప్పారు. అమ్మ చెప్పలేదు.

వీధిలో అందరూ కలిసి తేల్చేసిన జబ్బు పేరు "నరం పట్టేసింది". నువ్వులనూనె మర్దనా, ఉప్పు కాపడం, బాపట్ల దగ్గరెవరో వేళ్ళు లాగి సరిచేస్తారని ఒక సలహా. ఈ "నరం" అన్న మాట మీద ఒక్క నిమిషం ఆగాలి. మన వాడుకలో రక్తం వెళ్ళేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే, కండరాన్ని ఎముకకి కట్టిపడేసే తాడూ నరమే. మాట్లాడుకోడానికి ఇబ్బంది లేదు. ఆపరేషను దాకా వస్తే మాత్రం ఈ మూడూ వేరువేరని తెలియడం చాలా అవసరం. అమ్మకి పట్టేసింది తాడు. ప్రమాదం ఉన్నది స్పర్శ నరానికి. ఇదంతా తేలడానికి ఇద్దరు డాక్టర్లు పట్టారు.

దీన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. తుపాకీ ట్రిగ్గరు మీద వేలు నొక్కి వదిలినట్టు టక్కుమంటుంది కాబట్టి ఆ పేరు. వేళ్ళని మడిచే పెద్ద కండరాలు వేళ్ళలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కణ్ణుంచి టెండన్లనే తాళ్ళు మణికట్టు దాటి, అరచేతిలోంచి వేలి కొసదాకా వస్తాయి. వేలు మడిచినప్పుడు ఆ తాడు ఎముకని వదిలి పైకి లేవకుండా దారిపొడుగునా ఉంగరాల్లాంటి పట్టీలు పట్టి ఉంచుతాయి, గేలం కర్రకి దారం దూరే రింగులుంటాయి చూడండి, అలాగ. వీటిని పుల్లీలంటారు. బొటనవేలు తప్ప మిగతా వేళ్ళకి ఇవి ఏ-1 నుంచి ఏ-5 దాకా ఐదు. ఏ-2, ఏ-4 తెగితే తాడు వింటినారిలా పైకి లేచిపోతుంది, వేలికి బలం పోతుంది. మొట్టమొదట అరచేతిలో ఉండే ఏ-1 తెగితే మాత్రం వేలు తన పని తాను చేసుకుపోతుంది. దేవుడి డిజైనులో అదొక్కటి మనకి కలిసొచ్చింది, ఎందుకంటే మామూలుగా తాడు ఇరుక్కునేది ఆ ఏ-1 దగ్గరే. పట్టీ మందమవుతుంది, దానికి రాసుకుని రాసుకుని తాడు మీద ఒక బుడిపె లేస్తుంది, ఆ బుడిపె పట్టీలోంచి దూరడానికి మొరాయిస్తుంది. ఫ్రాన్సులో అల్ఫోన్స్ నొట్టా అనే డాక్టరు దీన్ని 1850లోనే వర్ణించాడు. ఆ బుడిపెకి ఇప్పటికీ ఆయన పేరే.

నూటికి ఇద్దరు ముగ్గురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందిట. షుగరున్నవాళ్ళలో ఆ లెక్క పది దాకా పోతుంది. ఆడవాళ్ళకి ఎక్కువ, యాభైల్లో ఎక్కువ. ఇక్కడ మన జాతివాళ్ళు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: పొద్దస్తమానం కీబోర్డు కొట్టేవాళ్ళకి కూడా వస్తుందా? నేనూ అడిగాను. కీబోర్డు వల్లే వస్తుందని గట్టి ఋజువు లేదన్నారు. చేత్తో గట్టిగా పట్టుకుని మళ్ళీమళ్ళీ బిగించే పనుల మీద అనుమానం ఎక్కువ, అందులోనూ పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పవు. కాబట్టి లీవు పెట్టడానికి ఇది పనికిరాదు, వేరే కారణం చూసుకోండి.

ఇదంతా నేను కాగితం మీద బొమ్మ గీసి అమ్మకి చెబుతుంటే మధ్యలోనే ఆపేసింది. "అంటే లంగా బొందుకి ముడి పడి, బొందు దూర్చే మడతలో ఇరుక్కున్నట్టు. అంతేగా?" అంది. అంతే! ఇంకా నయం, తనే ముందుకెళ్ళింది. "ముడి విప్పలేనప్పుడు బొందు కోసుకోం కదరా. మడత మూతి దగ్గర నాలుగు కుట్లు విప్పితే ముడి దానంతటదే జారిపోతుంది." నేను గంటసేపు గూగులించి, వీడియోలు చూసి తెలుసుకున్న శస్త్రచికిత్స మొత్తం అదే. ఏ-1 పట్టీని పొడుగునా చీల్చడం, అంతకన్నా ఏమీ లేదు.

నేరుగా ఆపరేషనుకి వెళ్ళలేదు లెండి. ముందు తెనాలిలోనే ఆర్థోపెడిక్ డాక్టరుగారు బుడిపె దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షను చేశారు, రెండు వేళ్ళకీ. మామూలువాళ్ళలో సగానికి పైగా దీంతోనే తగ్గిపోతుంది. షుగరున్నవాళ్ళలో అంత బాగా పనిచెయ్యదు, పైగా నాలుగైదు రోజులపాటు షుగరు పైకెక్కుతుంది. ఈ రెండూ ఆయన ముందే చెప్పారు, రెండూ అలాగే జరిగాయి. పరగడుపున నూటముప్ఫై ఉండేది రెండొందల నలభైకి వెళ్ళి, వారానికి దిగింది. మూడు నెలలు వేళ్ళు హాయిగా ఆడాయి. దసరా జాకెట్లన్నీ అయిపోయాయి. తరవాత మళ్ళీ టక్కు టక్కు.

అప్పుడు హైదరాబాదు తీసుకొచ్చాను. మా ఇంటికి దగ్గర్లోనే ఒక పెద్ద హాస్పిటలుంది. పేరెందుకు లెండి. అక్కడ డాక్టరుగారు వేళ్ళు రెండుసార్లు మడిపించి, తెరిపించి, ఐదు నిమిషాల పని అన్నారు. కోత ఉండదు, సూదితోనే చేసేస్తాం, రెండు వేళ్ళూ ఒకేసారి, రేపే రండి అన్నారు. నాకు వినడానికి బాగానే ఉంది. పెళ్ళిళ్ళ సీజను ముందుంది, అమ్మకి కావలసింది కూడా అదే. కానీ ఒక్క సందేహం అడిగాను, సూది లోపలికెళ్ళాక మీకు లోపల ఎలా కనిపిస్తుంది సార్ అని. "చేతికి తెలుస్తుంది" అన్నారు. బొటనవేలికి కూడా అలాగేనా అన్నాను. ఆయన అమ్మ వైపు తిరిగి "మీవాడు సాఫ్టువేరా అమ్మా?" అని నవ్వి, ప్యాకేజీ వివరాలు కౌంటర్లో చెబుతారన్నారు. సాఫ్టువేరే. దానికీ దీనికీ ఏం సంబంధమో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

లిఫ్టులో దిగుతుంటే అమ్మ అంది: "కుట్టు విప్పేటప్పుడు నేనైనా గుడ్డ తిరగేసి చూసుకుంటాను. చూడకుండా పైనుంచే తెంపితే కింద గుడ్డ కూడా చిరగదూ?"

నా ప్రశ్న కన్నా ఆవిడ ప్రశ్న బావుంది. ఆ ప్రశ్నతోనే ఇంకో చోట, చేతి ఆపరేషన్లే ప్రత్యేకంగా చేసే ఒక ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్ళాం. ఈయన మాట తక్కువ మనిషి. అమ్మ ఏం పని చేస్తుందని అడిగారు. మొదటి చోట ఎవరూ అడగలేదు ఆ మాట. తరవాత అమ్మ అరచెయ్యి తన చేతిలో పెట్టుకుని పెన్నుతో గీతలు గీశారు.

ఆయన చెప్పిందాని సారాంశం ఇది. సూదితో చెయ్యడం మోసమేమీ కాదు, పాత పద్ధతే. చర్మం తెరవకుండా సన్నటి పరికరంతో పట్టీ చీల్చొచ్చని 1958లోనే లోర్తియార్ అనే సర్జన్ చూపించాడు. 1990ల మొదట్లో మామూలు ఇంజెక్షను సూదితోనే, కన్సల్టింగు గదిలోనే చెయ్యొచ్చని బ్రిటనులో చేసి చూపించారు. ఉంగరం వేలికీ, మధ్యవేలికీ చాలామంది నిశ్చింతగా చేస్తారు. ఎందుకంటే ఆ వేళ్ళలో తాడు నడుమ నిటారుగా వెళ్తుంది, స్పర్శ నరాలు రెండూ చెరో పక్కన సమాంతరంగా వెళ్తాయి. వేలిని వెనక్కి వంచితే తాడు చర్మం దగ్గరకొస్తుంది, నరాలు పక్కలకి జారతాయి. సూది నడిగీత మీద ఉన్నంతసేపూ భయం లేదు.

బొటనవేలు అలా కాదు. అక్కడ బయటివైపు స్పర్శ నరం సరిగ్గా ఆ పట్టీ దగ్గరే ఏటవాలుగా అడ్డం వస్తుంది. అదీ చర్మానికి రెండు మిల్లీమీటర్ల లోతులో. కనిపించదు, చేతికి తగలదు. చూపుడువేలు, చిటికెనవేళ్ళ దగ్గర కూడా కాస్త జాగ్రత్తగా ఉండాలి గానీ బొటనవేలంత కాదు. "బొటనవేలికి కూడా సూదితో చేసి మంచి ఫలితాలు రాసినవాళ్ళున్నారు. అల్ట్రాసౌండు స్కానులో చూస్తూ చేసేవాళ్ళూ ఉన్నారు. నాకు ఆ అలవాటు లేదు. నేనైతే బొటనవేలు తెరిచే చేస్తాను" అన్నారు. ఆ "నాకు ఆ అలవాటు లేదు" అన్న మాట విన్నాక నాకు ఆయన మీద గురి కుదిరింది. మన రంగంలో ఇంటర్వ్యూల్లో కూడా ఎవరూ అనని మాట అది.

నేను ఇంటికొచ్చి ఇంకొంచెం చదివాను. పరిశోధనలన్నీ పోగేసి బేరీజు వేసే కొక్రేన్ వాళ్ళ సమీక్ష 2018లో ఒకటొచ్చింది. కోత మేలా, సూది మేలా అంటే అందుబాటులో ఉన్న ఋజువులు తేల్చి చెప్పేంత గట్టివి కావని దాని సారం. నెట్లో మాత్రం రెండు వైపులా బల్లగుద్ది చెప్పేవాళ్ళు బోలెడుమంది. నాకనిపించిందేమిటంటే, సగటున ఏది మేలన్నది మా ప్రశ్నే కాదు. ఏ వేలు, ఎవరి వేలు అన్నదే ప్రశ్న. నూటికి ఒకరికో ఇద్దరికో వేలికొస మొద్దుబారుతుందంటే కాగితం మీద అది చాలా మంచి అంకె. కానీ అమ్మ గుడ్డని కళ్ళతో చూసే కన్నా వేళ్ళతో చూసేది ఎక్కువ. పట్టుకీ ఆర్టు సిల్కుకీ తేడా, లైనింగు ఎక్కడ జారిపోతోందో, హెమ్మింగులో ఎన్ని పోగులు తీసుకోవాలో, అన్నీ బొటనవేలి కొసకే తెలుస్తాయి. నరం దెబ్బతిని అక్కడో నొప్పిగడ్డ లేచిందంటే, కత్తెర రింగు ఒరుసుకునేదీ అక్కడే. మిగతా జనాభాకి చిన్న కాంప్లికేషను, అమ్మకి దుకాణం మూత.

నిర్ణయం మాత్రం నాది కాదు, అమ్మదే. ఆవిడ వేసుకున్న ప్లాను చూసి మా మేనేజరు నేర్చుకోవాలి. వైశాఖంలో పెళ్ళిజాకెట్లు ఒప్పుకుని ఉంది కాబట్టి ఉంగరం వేలు ఇప్పుడే సూదితో చేయించేసుకుంటుంది, మూడోరోజుకి మిషనెక్కుతుంది. బొటనవేలి పనులకి, అంటే కటింగుకి, పక్కింటి అమ్మాయిని పెట్టుకుంటుంది. ఆషాఢంలో ముహూర్తాలుండవు, ఎలాగూ ఖాళీయే, అప్పుడు బొటనవేలు కోయించుకుంటుంది. శ్రావణానికి, వరలక్ష్మీ వ్రతానికి చెయ్యి సిద్ధంగా ఉంటుంది. డాక్టరుగారు క్యాలెండరు చూసుకుని సరేనన్నారు. ఈలోగా షుగరు మాత్రం దించమన్నారు, కుట్లు మానాలంటే అది తప్పదని.

సూది రోజు నన్ను పక్కన నించోనిచ్చారు. మొదట గీతలు. వేలి మొదట్లో ఉండే గీత నుంచి వేలి మధ్య కీలు గీత దాకా ఎంత దూరమో, మొదటి గీత నుంచి అరచేతిలోకి అంతే దూరం కొలిస్తే పట్టీ మొదలయ్యే చోటొస్తుందిట. "టేపు పెట్టి చంక గుర్తేసినట్టే ఉందండీ" అంది అమ్మ. మత్తు ఇంజెక్షను అరచేతిలో అక్కడికక్కడే. అరచెయ్యి మొద్దుబారినా వేలు మడవగలదు, ఎందుకంటే మడిచే కండరం పైన ముంజేతిలో ఉంది, దానికి మత్తు తగల్లేదు. ఈ ఒక్క కిటుకు మీదే పని మొత్తం నడుస్తుంది.

చెయ్యి వెనక్కి వంచి, లావుపాటి ఇంజెక్షను సూది గుర్తు మీద దింపారు. "ఇప్పుడు వేలు కొసాన కొంచెం మడవండమ్మా" అన్నారు. అమ్మ మడిచింది. సూది వెనకభాగం గాల్లో ఊగింది. అంటే సూదిమొన తాడులోకి దిగిందని. వెంట్రుకవాసి వెనక్కి లాగారు. మళ్ళీ మడవమన్నారు. ఈసారి ఊగలేదు. అంటే తాడు మీద, పట్టీలో ఉంది. అక్కణ్ణుంచి సూదిమొన చదునువైపు తాడుకి వాలుగా ఉండేలా పట్టుకుని ముందుకీ వెనక్కీ గీరడం మొదలుపెట్టారు. ఇసక మీద చెప్పు ఈడ్చినట్టు కరకరమన్న చప్పుడు నాకు కూడా వినబడింది. ఒళ్ళు జలదరించింది. అమ్మ మాత్రం తలకాయ ముందుకి పెట్టి చూస్తోంది. కాసేపటికి ఆ కరకర ఆగిపోయింది. పట్టీ పూర్తిగా తెగితే గీరడానికి ఏమీ మిగలదు కాబట్టి చప్పుడుండదు. "పూర్తిగా మడిచి తెరవండి." మడిచింది, తెరిచింది. టక్కు లేదు. ఇంకో పదిసార్లు చేయించారు. మనం లాగులు లేని సిస్టమ్‌ని బయటినుంచి పింగు కొట్టి బతికుందో లేదో చూసుకున్నట్టే. చూపు లేని చోట పేషెంటు కదలికే చూపన్నమాట. అందుకే మత్తిచ్చి పడుకోబెట్టి చేసేది కాదు ఇది. మొదటి డాక్టరు చెప్పిన "చేతికి తెలుస్తుంది" అన్న మాట ఉంగరం వేలి విషయంలో నిజమే. సగం ఆయన చేతికి, సగం అమ్మ చేతికి.

సూది పద్ధతిలో లోట్లూ ఉన్నాయి. పట్టీ కొంచెం తెగకుండా మిగిలిపోవచ్చు, అప్పుడు మళ్ళీ పట్టేస్తుంది. తాడు మీద పొడుగునా గీతలు పడొచ్చు, మామూలుగా అవి ఇబ్బంది పెట్టవు. అమ్మకి రెండు వారాలు అరచేతిలో నొప్పుంది. కానీ చెప్పినట్టే మూడోరోజు మిషనెక్కింది.

బొటనవేలి రోజు ఆపరేషను థియేటరు, నీలం గౌను, అంతా హంగామా. అక్కడ నన్ను రానివ్వలేదు గానీ అమ్మ మెలకువగానే ఉంది కాబట్టి కథంతా ఆవిడే చెప్పింది. చెయ్యికి రక్తం ఆపే బిగింపు పట్టా కూడా కట్టలేదు. మత్తుమందులో అడ్రినలిన్ కలిపి ఇస్తే అక్కడి రక్తనాళాలు ముడుచుకుని రక్తం రాదు. వేళ్ళకి అడ్రినలిన్ ఇస్తే వేలు చచ్చిపోతుందని పాతకాలం నుంచీ వైద్యవిద్యార్థులకి పాఠం. ఆ భయానికి మూలం 1948కి ముందు వాడిన ప్రోకేన్ అనే మందని, అది నిలవుండి ఆమ్లంగా మారేదని తరవాత తేలింది. కెనడాలో డొనాల్డ్ లలోండ్ అనే సర్జనూ, ఆయన తోటివాళ్ళూ చేతికీ వేళ్ళకీ అడ్రినలిన్ ఇచ్చిన 3,110 కేసులు వరసగా లెక్కగట్టి 2005లో ప్రచురించారు. ఒక్క వేలు కూడా పోలేదు. ఏళ్ళ తరబడి ఎవరూ పరీక్షించకుండా డాక్యుమెంటులోంచి డాక్యుమెంటుకి కాపీ అవుతూ వచ్చే కామెంటు లాంటిది ఆ పాత పాఠం. మనకి అలాంటివి కొత్తేమీ కాదు.

అడ్డంగా సెంటీమీటరు కోత. డాక్టరుగారు కొక్కేలతో పక్కలకి లాగి "ఇదిగోనమ్మా మీ నరం" అని చూపించారుట. సేమ్యా పోగులా తెల్లగా ఉందిట. దాన్ని జాగ్రత్తగా పక్కకి జరిపి, కింద ఉన్న పట్టీ కోసి, వేలు మడిపించి చూసి, మూడు కుట్లు వేశారు. కుట్ల గురించి అమ్మ అభిప్రాయం వేరే ఉంది: ఒక కుట్టుకీ ఇంకో కుట్టుకీ మధ్య ఎడం సమానంగా లేదుట. డాక్టరుగారికి అక్కడే చెప్పేసిందిట కూడా.

ఇక బిల్లుల సంగతి, మనవాళ్ళకి ఇది పనికొస్తుంది. కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్సులో అమ్మానాన్నలున్నారు. కోతేమో థియేటర్లో చేశారు కాబట్టి డేకేరు కింద క్లెయిము అయిపోయింది, కో-పే తప్ప నా చేతిలోంచి పడలేదు. సూదేమో కన్సల్టింగు గదిలో చేశారు కాబట్టి అది ఓపీ, మా పాలసీలో రూపాయి రాదు. అంటే ఖర్చు తక్కువైన పని నా జేబులోంచి, ఎక్కువైన పని ఇన్సూరెన్సులోంచి. ఈ లెక్క తెలిసిన హాస్పిటలు ఏదైనా సూది పనికి కూడా థియేటరు తెరిచి, గౌను తొడిగి, ప్యాకేజీ కట్టకుండా ఎందుకు ఉంటుంది? అన్నట్టు మొదటి హాస్పిటల్లో కౌంటరు వాళ్ళిచ్చిన అంచనా కాగితం నా దగ్గరింకా ఉంది. రెండు వేళ్ళకి వాళ్ళు వేసిన లెక్కలో థియేటరు చార్జీ రెండుసార్లుంది. మీ పాలసీలో ఓపీ ప్రొసీజర్ల గురించి ఏం రాసుందో ఒకసారి చూసుకోండి, అవసరం పడ్డాక చదివితే అన్ని లైన్లూ చిన్న అక్షరాలే.

బొటనవేలి కుట్లు పన్నెండో రోజు విప్పారు. మచ్చ దగ్గర ముట్టుకుంటే జివ్వుమనడం నెలన్నర ఉంది. శ్రావణం మొదటివారం కత్తెర పట్టుకోలేకపోయింది, పక్కింటి అమ్మాయే కత్తిరించింది. ఆ పిల్ల కటింగులో వంకలు పెడుతూ అమ్మ రోజంతా సంతోషంగానే గడిపిందని నాన్న ఫోన్లో చెప్పారు. రెండోవారానికి తనే మొదలుపెట్టింది. బొటనవేలి కొస మొద్దుబారలేదు. నేను వెళ్ళినప్పుడు కళ్ళు మూయించి, రెండు గుడ్డముక్కలు చేతిలో పెట్టి ఏది ఏదో చెప్పమన్నాను. "ఇది ధర్మవరం, ఇది పాలియెస్టరు, రెండోది ఎవరికీ చూపించకు" అంది.

కిందటి నెల నుంచీ ఎడంచేతి మధ్యవేలు పొద్దున్న పూట కాస్త పట్టేస్తోందిట. షుగరున్నవాళ్ళకి ఒక వేలితో ఆగకపోవడం మామూలేనని డాక్టరుగారు ముందే చెప్పారు. ఇంకా టక్కుమనే దశ రాలేదు, రాత్రిళ్ళు స్ప్లింటు పెట్టుకుని చూడమన్నారు. ఆ ప్లాస్టిక్కు స్ప్లింటు ఒరుసుకుంటోందని మిగిలిపోయిన కలంకారీ ముక్కతో దానికో తొడుగు కుట్టుకుంది. మధ్యవేలే కాబట్టి తగ్గకపోతే సూది చాలంటోంది. ఆషాఢానికి ఇంకా నాలుగు నెలలుంది.